కనుమ అవతలి గాలి

మా అన్నయ్య డెల్ఫీనో పెళ్లి చేసుకునే నాటికి మా వదిన ఓర్లిందా బంగాళాదుంపల షెడ్డులో పనిచేస్తోంది. కదిలే పట్టా మీద వచ్చే దుంపల్లో కుళ్లినవీ పగిలినవీ ఏరి పక్కన పడెయ్యడం ఆమె పని. తొమ్మిదేళ్లు ఆ పట్టా ముందు నిలబడటంతో ఆమె కళ్లకు ఒక జబ్బు పట్టుకుంది. ఏది చూసినా ముందు లోపమే కనిపించేది. నా పెళ్లిలో కేకు మీద పువ్వు ఒకటి వంకరగా ఉందని అందరికన్నా ముందు చూసింది ఆమే, చక్కగా సర్దింది కూడా ఆమే.

తొంభై మూడు ఆగస్టులో, ఆరో నెల ఇంకా పూర్తికాకుండానే, షెడ్డులో ఉండగా ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. అలమోసా ఆస్పత్రి వాళ్లు చూసి, ఇది మావల్ల కాదని చిన్న విమానంలో డెన్వర్ పంపించారు. ఆ సాయంత్రమే లీదా పుట్టింది. బరువు ఎనిమిది వందల ఇరవై గ్రాములు. నేను కాపురముండే ప్వెబ్లో నుంచి బస్సులో వెళ్లి అద్దాల పెట్టెలో చూశాను. చర్మం తడిసిన కాగితంలా ఉంది. నోట్లో గొట్టం, పక్కన ఊపిరి తీయించే మిషను. మిషను ఊదినప్పుడల్లా ఆ గుప్పెడు ఛాతీ అదిరేది.

ఏడు వారాలు మిషను మీద ఉంది. ఆ తర్వాత ముక్కుకు గొట్టాలు. పుట్టాల్సిన రోజు దగ్గర పడుతున్నా ఆక్సిజన్ తీస్తే నీలంగా మారిపోయేది. అప్పుడు డాక్టరమ్మ మా వదినను కూర్చోబెట్టి చెప్పింది.

"మిషను పెట్టకపోతే మీ పాప బతికేది కాదు. పెట్టినందువల్లే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. రెండూ నిజమే. ఒకదాని కోసం ఇంకోదాన్ని మర్చిపోవద్దు."

"బాగవుతాయా?"

"పాతవి బాగవవు. పిల్ల ఎదిగేకొద్దీ ఊపిరితిత్తుల్లో కొత్త భాగం పెరుగుతుంది. రెండేళ్లు, మూడేళ్లు. అందాకా జలుబు రాకూడదు, పొగ తగలకూడదు, ఆక్సిజన్ ఆగకూడదు. మీ ఊరు ఎంత ఎత్తు?"

"దాదాపు ఎనిమిది వేల అడుగులు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఇంకాస్త కిందనున్న ఊళ్లో మీకెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

ఉన్నాను. నేను ఉన్నాను. కానీ ఆ రోజు ఆ మాట ఎవరూ నాదాకా తీసుకురాలేదు. దుంపల పొలంలో పనిచేసే మా అన్నయ్య దగ్గర ఆగిపోయింది. "కిందకి పోతే దుంపలు నా వెనకాల నడిచొస్తాయా?" అన్నాడట.

డిసెంబరు మొదట్లో పాపను కొండల నడుమ ఎత్తైన లోయలో, ఆంటొనీటో దగ్గరున్న మా పుట్టింటికి తీసుకువెళ్లారు. గాలిలోంచి ఆక్సిజన్ తీసే పెట్టె ఒకటి గదిలో ఎడతెగకుండా గురగురలాడేది. దాన్నుంచి పొడవాటి గొట్టం పాప ముక్కుదాకా. పాదానికి కట్టిన తీగ చిన్న మోనిటర్‌కి వెళ్లేది, దాని మీద రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే ఒక నంబరు. తొంభై రెండుకు తగ్గకూడదన్నారు. డెన్వర్‌లో తొంభై అయిదు చూపించిన పిల్ల మా లోయలో ఎనభై ఎనిమిది, ఎనభై ఆరు చూపించేది. ఆక్సిజన్ పెంచితే కాస్త ఎక్కేది. పాలు తాగేటప్పుడు మళ్లీ పడేది. పాలు తాగడమంటే ఆ పిల్లకు కొండెక్కడమే. రెండు గుక్కలు తాగి, ఆగి, డొక్కలు ఎగరేసి, మళ్లీ రెండు గుక్కలు.

మా నాన్న బెలర్మీనో ఆ గదిలోకి వచ్చిన మొదటి రోజే కట్టెల పొయ్యి ఆర్పేసి ఉండటం చూశాడు.

"ఇంట్లో మంచు గడ్డకట్టాలా?"

"పొగ తగలకూడదన్నారు మామయ్యా."

"నేనూ ఆ పొయ్యి పక్కనే పుట్టాను. మా అమ్మ పదకొండు మందిని కన్నది ఈ గాలిలోనే. ఈ గాలే మమ్మల్ని పెంచింది."

"పదకొండు మందిలో ఎంతమంది పెరిగారు మామయ్యా?" అంది వదిన.

నాన్న బయటికి వెళ్లిపోయాడు. ఆ పదకొండు మందిలో బతికింది ఆరుగురు. మరునాటి నుంచి వంటింటి పొయ్యి మాత్రం వెలిగించి, మధ్య తలుపుకు దుప్పటి వేలాడదీసేవాడు. పొగ దుప్పటిని అడిగి ఆగదు కదా. వదిన రోజంతా ఆ దుప్పటి అంచులు తడిగుడ్డలతో మూసేది. తెరిచేది, నంబరు చూసేది, మళ్లీ మూసేది.

ఫిబ్రవరి ఆఖర్లో పెద్ద మంచు పడింది. కరెంటు తీగలు తెగాయి. పెట్టె ఆగిపోయింది. ఇంట్లో ఉన్న ఆక్సిజన్ సిలిండర్లు ఒక్కొక్కటీ వాడుతూ వచ్చారు. సిలిండర్లు తెచ్చే బండి రోడ్డు మూసేసినందువల్ల రాలేకపోయింది. మూడో రోజు పొద్దున రోడ్డు తెరిచేసరికి ఒకటి సగం, ఒకటి నిండుగా మిగిలాయి. వదిన పాపకు నాలుగు పొరల బట్టలు చుట్టి, సంచి సర్ది, ట్రక్కు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఎక్కడికి?" అన్నాడు అన్నయ్య.

"సెనాయిదా ఇంటికి. నువ్వు నడిపినా సరే, నేను నడిపినా సరే."

అన్నయ్య తాళాలు తీశాడు. సెనాయిదా అంటే నేనే. నాకు ఫోన్ చేద్దామంటే ఫోన్లూ పనిచెయ్యలేదు. కాబట్టి ఆ రోజు ఏం జరిగిందో నాకు తర్వాత ఇద్దరూ విడివిడిగా చెప్పారు. రెండూ కలిపి చెబుతున్నాను.

మా లోయలోంచి ప్వెబ్లోకి దిగాలంటే ముందు లా వేటా కనుమ ఎక్కాలి. తొమ్మిది వేల నాలుగు వందల అడుగులు. చిక్కటి గాలికి చేరాలంటే ముందు ఇంకా పల్చటి గాలిలోంచి పోవాలన్నమాట. వదిన ఒళ్లో మోనిటర్ పెట్టుకుని కూర్చుంది. ఫోర్ట్ గార్లాండ్ దాటాక ఎనభై ఎనిమిది. ఎక్కుడు మొదలయ్యాక ఎనభై అయిదు. ఆక్సిజన్ పెంచింది. కనుమ నెత్తికి కొంచెం ఇవతల ముందున్న బళ్లన్నీ ఆగిపోయాయి. పెద్ద లారీ ఒకటి జారి రోడ్డుకు అడ్డంగా పడిందట. రెండు వైపులా మంచు గోడలు. వెనక కూడా బళ్లు నిండిపోయాయి.

గంట గడిచింది. సగం సిలిండర్ అయిపోవచ్చింది. అన్నయ్య నిండు సిలిండర్‌కు రెగ్యులేటర్ మార్చబోయాడు. రెంటి మధ్య ఉండే వాషర్, చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ చుట్టు, చలికి పెళుసెక్కి విరిగిపోయింది. కొత్త సిలిండర్‌తో రావాల్సిన వాషర్ సంచిలో లేదు. సీటు కింద వెతికారు, గుడ్డల్లో వెతికారు. చివరికి వాషర్ లేకుండానే బిగించాడు. చుట్టూ బుస్సుమని కారిపోవడం మొదలైంది. ఎంత బిగించినా ఆగలేదు. రెండు చేతులతో అదిమి పట్టుకుంటే కొంత గొట్టంలోకి వెళ్తోంది, కొంత ట్రక్కులోకి. సిలిండర్ మీటరు ముల్లు కంటికి కనిపించేలా పడిపోతోంది.

నంబరు డెబ్బై తొమ్మిది. లీదా పెదాల చుట్టూ బూడిద రంగు.

"పట్టుకో, వదలకు," అని పాపను అన్నయ్య పక్కన సీట్లో కట్టి, వదిన తలుపు తీసుకుని దిగింది.

మా వదిన అప్పటిదాకా కొత్తవాళ్లతో నోరెత్తిన మనిషి కాదు. షెడ్డులో మేస్త్రీ జీతం తప్పు రాస్తే కూడా మా అన్నయ్యను పంపేది. ఆ రోజు మోకాలి లోతు మంచులో ఒక్కో బండి దగ్గరికీ వెళ్లి అద్దం మీద కొట్టింది.

"మీ దగ్గర ఆక్సిజన్ ఉందా? చిన్నపిల్లకి."

మొదటి కారులో ఇద్దరు ఆడవాళ్లు వేడి కాఫీ ఇస్తామన్నారు. తర్వాతి బండి వెల్డింగ్ పనివాడిది. "ఉంది, కానీ అది ఇనుముకి. మీ రెగ్యులేటర్‌కి పట్టదు," అని దిగి, తనూ అటువైపు బళ్లను అడగడానికి వెళ్లాడు. ఒకతను అద్దం దించనే లేదు. పదకొండో పన్నెండో బండి, పాత ఆకుపచ్చ కారు. అందులో ముక్కుకు గొట్టాలతో ఒక ముసలాయన, స్టీరింగ్ దగ్గర ఆయన భార్య. ఆయన పేరు ఒనోఫ్రే. ముప్ఫై ఏళ్లు బొగ్గు గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు.

వదిన ఆయన ముక్కు వైపు చూపించి, వెనక తమ ట్రక్కు వైపు చూపించింది.

"ఎంత పిల్ల?" అన్నాడాయన.

"ఆర్నెల్లు. నెలలు నిండకుండా పుట్టింది. వాషర్ విరిగింది."

"వాషరా? దాని కోసమా ఏడుస్తున్నావు?" జేబులోంచి చిల్లర పెట్టుకునే సంచి తీశాడు. అందులో చిల్లర లేదు. ఆరేడు వాషర్లు ఉన్నాయి. "తీసుకో. నాలుగు తీసుకో. నీ సిలిండర్ ఎంతుంది?"

"కారిపోయింది. ఎంత మిగిలిందో."

ఆయన వెనక సీటు మీదున్న సిలిండర్ వైపు వేలు చూపించాడు. భార్య ఆయన మొహంలోకి చూసింది. "నీకు?" అంది.

"నాది ఒకటి నడుస్తోందిగా. మాట్లాడకుండా కూర్చుంటే సాయంత్రం దాకా వస్తుంది. నలభై ఏళ్ల నుంచి నువ్వు కోరుకుంటున్నది అదేగా."

వెల్డింగ్ పనివాడు సిలిండర్ భుజాన వేసుకుని ముందు నడిచాడు. వాషర్ పెట్టి బిగించగానే బుస ఆగిపోయింది. డెబ్బై ఆరు. డెబ్బై ఆరు. ఎనభై. ఎనభై నాలుగు. అన్నయ్య చేతివేళ్లు వంగిన చోటే బిగుసుకుపోయి, కాసేపు స్టీరింగ్ పట్టుకోలేకపోయాడు. ఇంకో గంటన్నరకి లారీని లాగేశారు. కిందికి దిగుతుంటే నంబరు తనంతట తనే ఎక్కింది. వాల్సెన్‌బర్గ్ దగ్గర తొంభై. మా వీధి మలుపు తిరిగేసరికి తొంభై నాలుగు.

నేను తలుపు తీసేసరికి వదిన గుమ్మంలో నిలబడి, "సెనా, మేం వారం ఉంటాం," అంది.

రెండేళ్ల పైచిలుకు ఉంది.

ఆ రెండేళ్లూ నాకు తీపి జ్ఞాపకాలని చెబితే అబద్ధం. మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో ఆ పెట్టె గురగుర. గొట్టం కాళ్లకు అడ్డం పడేది. మా ఆయన ఫెర్మీన్ ఉక్కు మిల్లులో పనిచేసి వచ్చి గుమ్మంలోనే చొక్కా విప్పాలి, చేతులు కడుక్కోవాలి, ఆ తర్వాతే లోపలికి. సిగరెట్ కాల్చాలంటే సందు చివరిదాకా పోవాలి. "కొలిమి దగ్గర కూడా నన్ను ఇంత దూరం నిలబెట్టరు," అనేవాడు. కానీ పోయేవాడు. తర్వాత్తర్వాత సందు చివరిదాకా నడవడం విసుగొచ్చి సిగరెట్టే మానేశాడు.

వదిన గడియారం పట్టుకుని పాప ఊపిరులు లెక్కపెట్టేది. నిమిషానికి అరవై. అన్నం మధ్యలో లేచి లెక్కపెట్టేది. వాకిట్లో బట్టలు ఆరేస్తూ సగంలో వదిలేసి లోపలికి పరుగెత్తేది. ఎవరైనా తుమ్మితే వాళ్లకు ఆ వారం మా ఇంట్లో ప్రవేశం లేదు. సెప్టెంబరులో మా పేటలో మూలమూలనా మిరపకాయలు కాలుస్తారు. ఆ ఘాటు కోసం మేం ఏడాదంతా ఎదురు చూస్తాం. ఆమె కిటికీలన్నీ తడి తువ్వాళ్లతో మూసేసి, మూలనున్న దుకాణం దగ్గరికి వెళ్లి, కాల్చే డబ్బాను వీధి అవతలికి జరపమని ఆ ముసలావిడతో పోట్లాడి వచ్చింది.

ఆ రోజు నాకు తిక్క పుట్టింది. "వదినా, ఇది నా ఇల్లు. నా ఇంట్లో నేను మునివేళ్ల మీద నడుస్తున్నాను. నువ్వొక్క క్షణం కుదురుగా ఉంటే పిల్లకేం కాదు."

ఆమె తువ్వాలు పిండుతూ అంది. "పుట్టకముందు రెండు రోజులు నడుం నొప్పి వచ్చింది సెనా. పట్టా ముందు నిలబడ్డందుకేలే అనుకున్నాను. రెండు రోజులు కుదురుగానే ఉన్నాను."

అంతవరకూ ఆ సంగతి ఆమె డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పలేదు, మా అన్నయ్యకు కూడా. నొప్పి వచ్చిన రోజే ఆస్పత్రికి పోయినా ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు అన్నాను. డాక్టరూ అదే అన్నాడట. ఆ మాట ఆమె చెవిదాకా వెళ్లింది, అంతే. నేను రెండో తువ్వాలు తీసుకుని పిండాను. ఆ తర్వాత మేం పోట్లాడుకోలేదని కాదు. కుదురుగా ఉండమని మాత్రం ఎప్పుడూ అనలేదు.

అన్నయ్య శనివారం మధ్యాహ్నం వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లేవాడు. చలికాలంలో కనుమ మూసేస్తే అదీ లేదు. లీదా అతన్ని చూసి ఏడ్చేది, కొత్తవాడనుకుని. ఒకసారి భోజనాల దగ్గర అన్నాడు. "నాకు పెళ్లయిందా, లేకపోతే నేను మీ ఇంటికొచ్చే చుట్టాన్నా?"

"చుట్టమైతే చేతులు కడుక్కోకుండా పిల్లను ఎత్తుకోనివ్వను," అంది వదిన.

అతను నవ్వలేదు. లేచి చేతులు కడుక్కుని, పిల్లను ఎత్తుకుని వరండాలోకి వెళ్లాడు. లీదా ఏడ్చి ఏడ్చి అతని భుజం మీదే పడుకుంది. ఊపిరి లెక్క అతనూ పెట్టాడు, పెదాలు కదులుతుంటే కిటికీలోంచి మేం చూశాం.

ఏడాది నిండాక లీదా బరువు పుంజుకుంది. పద్నాలుగో నెలలో పగటిపూట గొట్టం తీశారు. బుగ్గల మీద టేపు ఊడదీసిన చోట రెండు ఎర్రటి మచ్చలు ఉండిపోయాయి. మరో మూడు నెలలకు నిద్రలో కూడా అక్కర్లేదన్నారు. ఆ రోజు పెట్టె ఆపేస్తే ఇంట్లో నిశ్శబ్దానికి ఎవరికీ నిద్ర పట్టలేదు.

తొంభై అయిదు జులైలో లోయకు తిరిగి వెళ్లారు. మా నాన్న గేటు దగ్గర నిలబడి ఎదురు చూశాడట. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు లీదాకు జలుబు చేసింది, నంబరు ఎనభై నాలుగు. వదిన ఎవరితోనూ వాదించకుండా సంచి సర్దింది. నాన్న ట్రక్కు వెనకే కనుమ మొదలుదాకా తన బండిలో వచ్చి, అక్కడ ఆగి చెయ్యి ఊపాడు. ఇంటికెళ్లి కట్టెల పొయ్యిని తన చేతులతోనే పీకేసి, బయట పడేసి, గ్యాసు హీటరు పెట్టించాడు. ఎవరికీ చెప్పలేదు. శనివారం వచ్చిన అన్నయ్య చెబితే తెలిసింది. "వంటిల్లు ఖాళీగా ఉంది. చూడటానికి ఏదోలా ఉంది," అన్నాడు.

ఆ శీతాకాలం అన్నయ్య దుంపల పని మానుకుని మా ఆయనతో పాటు మిల్లులో చేరాడు. నాలుగు నెలలు. కొలిమి వేడి పడక, మట్టి మీద కాలు పెట్టకుండా బతకడం రాక, చిక్కి సగమయ్యాడు. కానీ ఆలస్యంగానైనా లీదా నడక నేర్చుకున్నది అతని బూట్లు పట్టుకునే. మూడో పుట్టినరోజుకు కాస్త ముందు, డాక్టరు సరేనన్నాక, అందరూ కలిసి పైకి వెళ్లిపోయారు. ఈసారి నిలిచారు. ఇంట్లో ఒక సిలిండర్ ఎప్పుడూ ఉండేది. మరో రెండు చలికాలాలు దాని అవసరం పడుతూనే వచ్చింది.

ఒనోఫ్రే గారిని వదిన వెతికి పట్టుకుంది. ట్రినిడాడ్‌లో ఉండేవారు. వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన పోయి అయిదు వారాలైంది. భార్య లీదాను ఒళ్లో కూర్చోబెట్టుకుని కుకీలు పెట్టింది. "ఆ రోజు నిజంగానే సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మూడు రోజులు ఆపకుండా చెప్పాడు," అందట.

వదిన షెడ్డుకు తిరిగి వెళ్లలేదు. లోయలో ఆక్సిజన్ సిలిండర్లు ఇంటింటికీ చేర్చే పనిలో చేరింది. ముసలి గని కూలీలూ, నెలలు నిండని పిల్లల తల్లులూ ఆమె దారిలో ఉండేవాళ్లు. కొత్త తల్లులకు వాషర్ ఎలా మార్చాలో మూడుసార్లు చేయించేది. నాలుగోసారి కళ్లు మూసుకుని చేయమనేది.

లీదాకు పన్నెండేళ్లప్పుడు నేను వేసవి సెలవులకు ముందు లోయకు వెళ్లాను. ఆ రోజు బడిలో మైలు పరుగు పెట్టారు. లీదా సన్నగా, తన ఈడు పిల్లలకన్నా తల తక్కువ ఎత్తులో ఉండేది. పరుగెత్తితే ఈలలాంటి చప్పుడు వచ్చేది ఛాతీలోంచి. పరీక్షలో ఊదిస్తే మామూలు పిల్లల ఊపిరిలో మూడింట రెండు వంతులే వస్తుందని, అంతకన్నా పెరగకపోవచ్చని డాక్టరు చెప్పాడు. పరుగెత్తొద్దని మాత్రం అనలేదు.

వదిన కంచె ఇవతల, పిల్ల ఎంత దూరం పరుగెత్తితే అంత దూరం నడుస్తోంది. రెండో చుట్టులో లీదా ఆగింది. నడుం మీద చేతులు పెట్టుకుని, ఊపిరి తీసుకుని, కంచె దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నువ్వలా నాతో నడుస్తుంటే అందరూ చూస్తున్నారు. పోయి కార్లో కూర్చో."

"నీ మందు..."

"జేబులో ఉంది. పో."

వదిన నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆమె వెళ్లి కార్లో కూర్చుంది. కిటికీ అద్దం కూడా ఎత్తేసుకుంది, ఆ ఈల వినపడకుండా. లీదా మందు పీల్చి, ఇంకో రెండు చుట్లు నడిచీ పరుగెత్తీ పూర్తి చేసింది. చివరి నుంచి రెండోది. ఆఖరున వచ్చిన అబ్బాయి బూటు తెగిపోయింది కాబట్టి అది లెక్కలోకి రాదన్న పిల్లలతో వాదనకు దిగింది.

నేను కారు దగ్గరికి వెళ్లాను. "అయిపోయింది వదినా. దిగు."

"ఇంకాస్సేపు ఉండనీ," అంది ఆమె. "ఆ పిల్ల ఎవరితోనో పోట్లాడుతోంది. పోట్లాడనీ."